ఈ గంటకు ఈ రోగి ఎవరి పేషెంటు?

"ఎవరి పేషెంటండీ?" ఆసుపత్రి వార్డులో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్క లేని ప్రశ్న ఇది. పగలు పదింటికి జవాబు సులువే. కేస్ షీటు అట్ట మీద యూనిట్ నంబరో, పెద్ద డాక్టరు పేరో ఉంటుంది, ఆయన రౌండ్స్‌లో ఎదురుగానే కనిపిస్తారు. రాత్రి రెండింటికీ అట్ట మీద అదే పేరు ఉంటుంది. జవాబే దొరకదు.

ఒక మామూలు రాత్రిని తీసుకుందాం. ఫలానా ఆసుపత్రిదని కాదు, నైట్ డ్యూటీ చేసిన ఏ నర్సుకైనా తెలిసిన రాత్రి. తుంటి ఎముక విరిగిన అరవై ఏళ్ల రైతు ఆర్థో వార్డులో ఉన్నాడు. షుగరు ఉందని మెడిసిన్ ఒపీనియన్ తీసుకున్నారు. ఈసీజీలో ఏదో తేడా కనిపిస్తే కార్డియాలజీ డాక్టరు చూసి ఒక మందు కలిపారు. ఎల్లుండి ఆపరేషన్ కనుక మత్తు డాక్టరు వచ్చి ఇంకొకటి ఆపమన్నారు. రాత్రి 2:10కి బీపీ 80/50కి పడిపోయింది. నర్సు ఆర్థో డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే "అది మా ప్రాబ్లం కాదమ్మా, మెడిసిన్ వాళ్లకి చెప్పండి" అంటారు. మెడిసిన్ వాళ్లకు చేస్తే "మేం ఒపీనియన్ ఒక్కటే ఇచ్చాం, పేషెంటు ఆర్థోది. ముందు వాళ్లని వచ్చి చూడమనండి" అంటారు. కార్డియాలజీ డాక్టరు ఫోను ఎత్తరు. కాల్ బుక్కు పట్టుకుని ఎంఎన్‌ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) రెండంతస్తులు ఎక్కి దిగుతాడు. "డాక్టరుగారెప్పుడొస్తారండీ సిస్టరమ్మగారూ" అని రోగి కొడుకు టేబులు దగ్గరే నిలబడి ఉంటాడు. 2:50కి ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. రిపోర్టు పుస్తకంలోకి చివరికి ఎక్కేది ఒక్క వాక్యం: "డ్యూటీ డాక్టరుకు తెలియజేయడమైనది."

ఆ నలభై నిమిషాలు ఎవరి ఖాతాలోకి వెళతాయన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న. దీని మీద చాలా కాలంగా చాలామంది మాట్లాడుతున్నారు. చిక్కేమిటంటే ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు.

నైటింగేల్ నుంచి యూనిట్ల దాకా

ఈ సమస్యను మొదట సూటిగా పట్టుకున్నది ఫ్లోరెన్స్ నైటింగేల్. 1859లో వచ్చిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో ఆమె ఒక అధ్యాయమంతా దీనికే కేటాయించారు. మీరు ఉన్నప్పుడు జరిగే పని మీరు లేనప్పుడూ జరిగేలా ఏర్పాటు చేయడమే బాధ్యత వహించడమన్నది దాని సారం. ఈ వ్యాసం చూస్తున్న గోదావరి డెల్టా వాళ్లకు ఆమె పరాయి మనిషేమీ కాదు. కాటన్ దొర సాగునీటి వాదానికి ఇంగ్లండులో గట్టిగా అండగా నిలిచి, ఆయనతో ఉత్తరాలు నడిపిన మనిషి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువల నిర్వహణకు అలవాటుపడిన నేల ఇది. నీటికి కొరత వచ్చిన దాళ్వాలో ఏ కాలువకు ఏ రోజు వంతో ఇక్కడి రైతుకు ముందే తెలుస్తుంది. ఆ రైతే ఆసుపత్రిలో పడుకుంటే, ఆ రాత్రి తనను చూసే వంతు ఏ డాక్టరుదో ఎవరూ చెప్పలేరు.

మిషన్ ఆసుపత్రుల కాలంలో ఈ ప్రశ్నే లేదు. పిఠాపురం, ఆకివీడుల్లో కెనడియన్ బాప్టిస్టులు నడిపినలాంటి ఆసుపత్రుల్లో డాక్టర్లు వేళ్ల మీద లెక్కించేంతమంది, ఇల్లూ ఆవరణలోనే. నర్సు కబురంపితే లాంతరు పట్టుకుని రావాల్సింది ఎవరో అందరికీ తెలుసు. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు ఉన్నట్టు లెక్క తేల్చింది. నర్సులు డాక్టర్ల కంటే తక్కువగా ఉన్న కాలంలో పెరిగిన వ్యవస్థ మనది. నర్సుకు ఎవరు జవాబు చెప్పాలన్న ఆలోచనకు అందులో పునాదే పడలేదు. డాక్టరుకు నర్సు జవాబు చెప్పాలన్నది మాత్రం మొదటి రోజు నుంచీ ఉంది.

చిక్కు మొదలైంది స్పెషలైజేషన్‌తో. ఒకే ఒంటిని నలుగురు పంచుకున్నాక ఎవరి వాటాకు వారు సమర్థులే, మొత్తం ఒంటికి మాత్రం హక్కుదారు లేడు.

డెల్టాలో మూడు తీర్లు

ఉభయ గోదావరుల్లో ఆసుపత్రి అంటే ఒకటే తీరు కాదు. నర్సు చిరాకు అన్నిచోట్లా ఒకటే అయినా దాని మూలాలు మూడు రకాలు.

మొదటిది పాత బోధనాసుపత్రి. 1958లో మొదలైన రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న కాకినాడ జీజీహెచ్ ఈ తీరుకు ఉదాహరణ. ఇక్కడ నడిచేది యూనిట్ పద్ధతి. పైన ప్రొఫెసరు, కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వారి కింద పీజీలు, అందరికంటే కింద హౌస్‌సర్జన్లు. ఏ యూనిట్ అడ్మిషన్ డే నాడు చేరిన రోగి ఆ యూనిట్ సొత్తు. కాగితం మీద ఇంతకంటే స్పష్టమైన ఏర్పాటు లేదు. పగలు బాగానే నడుస్తుంది కూడా. రాత్రయ్యేసరికి డ్యూటీ యూనిట్లవారీగా కాక విభాగమంతటికీ కలిపి పడుతుంది. మూడో యూనిట్ పీజీ ఒకటో యూనిట్ రోగిని చూడాలి. ఆ రోగి చరిత్ర అతనికి తెలియదు, పొద్దున మందు మార్చింది ఎందుకో తెలియదు. అందుకే ఎక్కువసార్లు వినిపించే మాట "పొద్దున యూనిట్ వాళ్లు చూస్తారులెండి."

రెండోది జిల్లా, ఏరియా ఆసుపత్రుల తీరు. 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు నడుపుతూ వచ్చిన ఆసుపత్రులివి. యూనిట్లుండవు, డ్యూటీ రోస్టరు ఉంటుంది. ఒక్కో స్పెషాలిటీకి ఒకరో ఇద్దరో డాక్టర్లు. రాత్రి క్యాజువాలిటీలో కూర్చున్న డాక్టరే వార్డులకూ దిక్కు. అమలాపురంలోనో తునిలోనో పాముకాటు కేసు వచ్చిన సమయానికే పైన ప్రసూతి వార్డులో రక్తస్రావం మొదలైందనుకోండి. అక్కడ బాధ్యుడెవరో తెలియక కాదు ఇబ్బంది. తెలిసిన ఆ ఒక్క మనిషి రెండుచోట్ల ఉండలేడు. ఈ తేడాను చాలా చర్చలు పట్టించుకోవు. బాధ్యత అస్పష్టంగా ఉండటం వేరు, స్పష్టంగా ఉన్న బాధ్యత మోయలేనంత కావడం వేరు.

ఈ రెండు తీర్లూ కలిసిన కూడలిలో ఇప్పుడు రాజమహేంద్రవరం, ఏలూరు ఉన్నాయి. 2023 సెప్టెంబరు 15న రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఈ రెండూ ఉన్నాయి. జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది, రోస్టరు స్థానంలో యూనిట్లు రావాలి. యూనిట్‌కు కాళ్లూ చేతులూ హౌస్‌సర్జన్లే. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు. 2023లో చేరిన మొదటి బ్యాచ్ హౌస్‌సర్జన్సీకి వచ్చేసరికి 2028 అవుతుంది. బయట చదివి వచ్చినవారితో కొంత సర్దుకున్నా, అప్పటిదాకా పైన ప్రొఫెసర్లూ కింద విద్యార్థులూ ఉండి నడుమ బోలుగా ఉండే నిర్మాణం ఇది. రాత్రిపూట నర్సు ఫోన్ మోగేది ఆ బోలులోనే. కొత్త కాలేజీల గురించి సీట్లు, భవనాలు, ఫీజుల మీద జరిగినంత చర్చ ఈ ఖాళీ మీద జరగకపోవడం విచిత్రం.

మూడోది ప్రైవేటు తీరు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఏలూరు పట్టణాల్లో సందుకొకటి కనిపించే నర్సింగ్ హోముల నుంచి పెద్ద ఆసుపత్రుల దాకా ఇందులోకే వస్తాయి. పేరున్న కన్సల్టెంటు పొద్దున ఒక చోట, సాయంత్రం మరో చోట చూస్తారు. రాత్రికి ఉండేది డ్యూటీ డాక్టరు. చిన్న ఆసుపత్రుల్లో ఆ డాక్టరు ఆయుర్వేదమో హోమియోనో చదివినవారు కావడం అందరికీ తెలిసిన రహస్యమే. ఆయనకు అల్లోపతి మందు రాసే అధికారం ఉందా అన్న వివాదం ఉండనే ఉంది, కనుక నర్సు నేరుగా కన్సల్టెంటుకే ఫోన్ చేస్తుంది. ఆయన నోటిమాటగా డోసు చెబుతారు. కేస్ షీటులో రాసుకునేది నర్సు, తెల్లారి సంతకం పెట్టాల్సింది ఆయన. పెడితే పెట్టినట్టు, లేకపోతే లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ప్రతి కేసుకూ చికిత్స చేసే డాక్టరు పేరు నమోదు చేయడం తప్పనిసరైంది. అంటే బిల్లుకు బాధ్యుడైన డాక్టరు పేరు ఎప్పుడూ స్పష్టంగానే ఉంటుంది.

ఇవి కాక రిఫరల్ ఉంది. రంపచోడవరం ఏజెన్సీ నుంచో కోనసీమ లంకల నుంచో బయలుదేరిన రోగి 108లో కాకినాడకు చేరేదాకా పంపినవారి పేషెంటా, చేర్చుకోబోయేవారి పేషెంటా? ఈ ప్రశ్నకే ఇంకో వ్యాసం కావాలి.

అయిదు వాదాలు

ఒక రోగికి ఒక పేరు ఉండాలన్నది మొదటి వాదం. ఎంతమంది ఒపీనియన్ ఇచ్చినా చివరి మాట ఒకరిది కావాలి, ఆ పేరు రోగికీ నర్సుకీ తెలియాలి. ఇంగ్లండులో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో రోగులు పడిన పాట్ల మీద ఫ్రాన్సిస్ నివేదిక 2013లో వచ్చాక, బాధ్యుడైన డాక్టరు పేరు, నర్సు పేరు మంచం పైన రాసి పెట్టాలన్న ఆలోచన ప్రభుత్వ విధానమైంది. 2014లో అక్కడి వైద్య కళాశాలల అకాడమీ మార్గదర్శకాలూ ఇచ్చింది. మన దేశంలో ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు, ప్రభుత్వాసుపత్రులకు 2013లో వచ్చిన ఎన్‌క్యూఏఎస్ ప్రమాణాలు రెండూ చికిత్స అన్ని దశల్లోనూ బాధ్యుడైన వ్యక్తిని గుర్తించాలనే అంటాయి. ఈ వాదం బలం దాని సరళత. మంచం పైన పేరున్న డాక్టరు పెళ్లికి వెళితే ఆ పలక పలకగానే మిగులుతుందన్నది బలహీనత.

బాధ్యత జట్టుదే కావాలని రెండో వాదం. వ్యక్తులు మారుతారు, జట్టు ఉంటుంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయి, కొద్ది రోజుల్లోనే వందల సంఖ్యలో ఆసుపత్రికి వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్లున్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలేదాకా అది ఏ విభాగపు జబ్బో చెప్పగలవారు లేరు. అలాంటి రోజున రోగికొక పేరు రాస్తూ కూర్చోలేం, జట్టే గతి. అయితే అందరిదీ అయిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోవడం మామూలు రోజుల్లో కనిపించే సంగతి.

మూడో వాదం అప్పగింతల గురించి. దీని వెనక ఒక పెద్ద కథ ఉంది. 1984 మార్చిలో న్యూయార్కు ఆసుపత్రిలో చేరిన లిబీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి తెల్లారేసరికి చనిపోయింది. ఆమె పరిస్థితి బాగోలేదని నర్సులు ఇంటర్న్‌కు ఒకటికి రెండుసార్లు ఫోన్ చేశారు. నలభై మంది దాకా రోగులను చూస్తున్న ఆ ఇంటర్న్ వచ్చి చూడకుండా ఫోన్‌లోనే ఆదేశాలిచ్చింది. కుటుంబ వైద్యుడితో సంప్రదింపులు జరిగింది ఫోన్‌లోనే. దాని ఫలితంగా న్యూయార్కు రాష్ట్రం 1989లో రెసిడెంట్ల పని వారానికి 80 గంటలు దాటకూడదని నియమం తెచ్చింది. మంచిదే. గంటలు తగ్గాయి, షిఫ్టులు పెరిగాయి, షిఫ్టు మారిన ప్రతిసారీ రోగిని అప్పగించడం పెరిగింది. అలసిన డాక్టరు స్థానంలో రోగి సంగతి తెలియని డాక్టరు వచ్చాడు. ఆ చిక్కును విప్పడానికే ఐ-పాస్ వంటి అప్పగింత పద్ధతులు పుట్టాయి. 2014లో ప్రచురితమైన అధ్యయనంలో తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో ఇలా ఒక పద్ధతిగా అప్పగిస్తే వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి. 1996లో వాక్టర్, గోల్డ్‌మన్‌లు పేరు పెట్టిన హాస్పిటలిస్టు, అంటే ఆసుపత్రిలోనే ఉండి చేరిన రోగులనే చూసే డాక్టరు, అదే దారిలో ఇంకో అడుగు.

నాలుగో వాదం నర్సు గొంతుకు సంబంధించింది. లియొనార్డ్ స్టెయిన్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1967లో డాక్టరు-నర్సుల ఆట అంటూ ఒక వ్యాసం రాశాడు. ఏం చేయాలో నర్సుకు తెలుసు, కానీ తెలిసినట్టు కనపడకూడదు. డాక్టరుకు ఆ సలహా కావాలి, కానీ అడిగినట్టు ఉండకూడదు. మన వార్డుల్లో ఈ ఆట ఇంకా ముగియలేదు. "సార్, పద్నాలుగో బెడ్డు పేషెంటుకి బీపీ కొంచెం తక్కువ వస్తోందండి" అనే మాటలో "మీరు వెంటనే రండి" అన్నది దాగి ఉంటుంది, వినాలనుకున్నవారికే వినబడుతుంది. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన ఎస్‌బార్ పద్ధతి ఈ ముసుగు తీసేస్తుంది. పరిస్థితి, నేపథ్యం, అంచనా చెప్పాక చివర నర్సు తను కోరేది చెప్పాలి. మన దగ్గర శిక్షణ శిబిరాల్లో మొదటి మూడూ బాగానే నేర్పుతారు. నాలుగోది నేర్చుకున్న నర్సును డాక్టర్లు ఎలా చూస్తారన్నదే అసలు పరీక్ష. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టింది, 1947 నాటి చట్టం స్థానంలోకి 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. వీటితో నర్సుకు కొంత నిర్ణయాధికారం వస్తుందని ఈ పక్షం ఆశ. జీతం పెరగకుండా బాధ్యత ఒక్కటే పెరుగుతుందని నర్సుల్లోనే కొందరి భయం, అది అకారణం కాదు.

అయిదోది చిన్న వాదం, మొండి వాదం. మనుషుల్లేకుండా పద్ధతులెందుకు? నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు. రాత్రిపూట మన వార్డులోకి అడుగుపెట్టినవారెవరికీ ఆ అంకెలు కనిపించవు.

కోర్టు మెట్ల మీద

1995లో వి.పి. శాంత కేసుతో వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వచ్చాయి. 1998 నాటి స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసు మన విషయానికి ఇంకా దగ్గరిది. ఢిల్లీలో ఒక బాలుడికి డాక్టరు రాసినది కాక వేరే ఇంజెక్షన్‌ను నర్సు ఎక్కించడంతో మెదడు శాశ్వతంగా దెబ్బతింది. సుప్రీంకోర్టు ఆసుపత్రినే బాధ్యురాలిని చేసి, బాలుడికి పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రులకు అయిదు లక్షల పరిహారం ఖాయం చేసింది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరును క్రిమినల్ కేసులో నిలబెట్టకూడదని తేల్చింది.

చట్టం చూపు సంఘటన జరిగాక మొదలవుతుంది. డబ్బు ఆసుపత్రి కట్టవచ్చు, విచారణలో ముందుకొచ్చేది మాత్రం కాగితం. కాగితం మీద గంటగంటకూ ఉండే సంతకం నర్సుదే. ఫోన్‌లో "చూద్దాంలే" అన్న మాటకు సంతకం ఉండదు. జనం కోపమూ ఇదే దారిన పోతుంది. వైద్య సిబ్బంది మీద దాడులను శిక్షార్హం చేస్తూ ఆంధ్రప్రదేశ్ 2008లోనే చట్టం చేసినా, బంధువుల ఆగ్రహం మొదట తగిలేది ఆ సమయానికి అక్కడున్న మనిషికే. అక్కడుండేది ఎవరో చెప్పనక్కర్లేదు.

పోల్చి చూస్తే

ఒక పేరు వాదం పగటికి సరిపోతుంది, జట్టు వాదం విపత్తుకు సరిపోతుంది. అప్పగింతల వాదం షిఫ్టు మారే అరగంటను కాపాడుతుంది కానీ అప్పగించుకునే డాక్టరే లేనిచోట ఉత్త కాగితం. నర్సు గొంతు వాదం అన్నిటికంటే దూరం చూస్తుంది, అన్నిటికంటే ఆలస్యంగా ఫలిస్తుంది. మనుషుల వాదం నిజమే గానీ ప్రతి తప్పుకూ సాకుగా మారే ప్రమాదం దీనికే ఎక్కువ. ముగ్గురు డాక్టర్లున్న భవనంలో రోగి దగ్గరికి ఒక్కరూ రాని రాత్రిని కొరతతో వివరించలేం.

విదేశీ అనుభవం నుంచి మనకు నిలిచే పాఠం ఐసీయూల దగ్గర దొరుకుతుంది. ఎవరి రోగిని వారు వచ్చి చూసుకునే ఓపెన్ ఐసీయూ కంటే, లోపలున్న రోగులందరినీ ఐసీయూ డాక్టర్లే చూసే చోట మరణాలు తక్కువని ప్రొనొవోస్ట్ బృందం 2002లో చేసిన సమీక్ష చూపింది. ఆ పద్ధతిలో నర్సుకు ఒకే నంబరు, ఒకే గొంతు. వార్డులకు అంత ఖర్చు పెట్టలేం, నిజమే. అందులోని సూత్రానికి మాత్రం ఖర్చు లేదు.

ఇంకా తేలనివి

ఒపీనియన్ ఇచ్చిన డాక్టరు రాసిన మందుకు ఎవరు పూచీ? సొంత విభాగం ఒప్పుకుని తిరగరాయాలా, నర్సు నేరుగా ఇచ్చేయవచ్చా? ఒకే ఆసుపత్రిలో రెండు వార్డుల్లో రెండు ఆచారాలుంటాయి. కొత్తగా వార్డు బదిలీ అయిన నర్సు మొదటి వారం నేర్చుకునేది ఈ ఆచారాలే.

ఇంకోటి వాట్సాప్. ఈసీజీ ఫోటో, షుగరు రీడింగు గ్రూపులో పెడుతున్నారు. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. చూసినట్టా, చూసి పరవాలేదనుకున్నట్టా, నిద్రలో వేలు తగిలినట్టా? ఫోన్ ఆదేశాన్ని తిరిగి చదివి వినిపించి, ఇన్ని గంటల్లోగా సంతకం చేయించాలన్న నియమం ప్రమాణాల పుస్తకాల్లో ఉంది. నీలం టిక్కుకు ఇంకా నియమం లేదు.

మూడోది అన్నిటికంటే మొహమాటపెట్టేది. కింది డాక్టరు రాకపోతే నర్సు పై డాక్టరుకు నేరుగా ఫోన్ చేయవచ్చా? అడిగితే అందరూ నిస్సందేహంగా చేయవచ్చంటారు. ఎన్ని నిమిషాలు చూసి చేయాలో, చేసినందుకు మర్నాడు తిట్లు పడితే ఎవరు అడ్డం పడతారో రాసి ఇమ్మంటే సమావేశం వాయిదా పడుతుంది.

ఈ అస్పష్టత యాదృచ్ఛికం కాదనే ఈ సమీక్ష అభిప్రాయం. అది కొందరికి వీలుగా ఉంది కనుకే నిలిచింది. కన్సల్టెంటుకు మూడు ఆసుపత్రుల్లో పేరుంచుకునే వీలు, యాజమాన్యానికి తక్కువమందితో రాత్రి గడిపే వీలు, విభాగాలకు కష్టమైన కేసును పక్కకు జరిపే వీలు. వీలు లేనిది ఫోన్ పట్టుకున్న నర్సుకూ, మంచం మీదున్న రోగికీ. కనుక కేస్ షీటు మీద పేరొక్కటే చాలదు, గంట కూడా కావాలి. రోజూ రాత్రి ఎనిమిదింటికి ప్రతి కేస్ షీటులో నాలుగు గడుల స్టాంపు పడాలి: తెల్లారి ఎనిమిది దాకా ఈ రోగి ఎవరి పేషెంటు, ఫోన్ నంబరు, పదిహేను నిమిషాల్లో రాకపోతే తర్వాత ఎవరికి చేయాలి, ఒప్పుకున్న డాక్టరు సంతకం. రేపు మీవాళ్లను ఏ ఆసుపత్రిలో చేర్చినా ఆ నాలుగు గడులూ అడగండి, నర్సు నొచ్చుకోదు. ఆ స్టాంపు చేయించడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, సూపరింటెండెంటు తలుచుకుంటే చాలు.